నంబరు ప్లేటు లేనివాళ్ల లెక్క

మోటార్‌సైకిల్ ఇంట్లో పెట్టి సైకిల్ మీద ఆఫీసుకు పోవడం మొదలుపెట్టిన వారంలో నాకు మూడు ప్రశ్నలు ఎదురయ్యాయి. "బండి రిపేరా సార్?" అన్నాడు అటెండరు. "షుగర్ వచ్చిందా ఏం?" అన్నాడు పక్క సీటాయన. "పెట్రోలు మిగిలిస్తాండావా ఏంప్పా?" అన్నాడు టవర్ క్లాక్ దగ్గర కనబడిన చిన్నప్పటి స్నేహితుడు. అనంతపురంలో యాభై దాటిన మనిషి సైకిలెక్కాడంటే డబ్బు లేకనో, ఒళ్లు బాగలేకనో, పిసినారితనం వల్లనో అయ్యుండాలి. నాలుగో కారణం ఎవరికీ తట్టదు.

వాళ్లను తప్పు పట్టను. ఒకప్పుడు అల్లుడికి సైకిలు, వాచీ, రేడియో పెట్టడం గొప్ప. మా నాయన సైకిల్‌కు ప్రతి ఆదివారం కొబ్బరినూనె గుడ్డతో తుడుపు ఉండేది. తర్వాత స్కూటరొచ్చింది. సైకిల్ పోయి స్కూటర్ రావడమంటే ఆ ఇంటికి మంచిరోజులు వచ్చినట్టు. ఆ మెట్టు ఎక్కినవాడు మళ్లీ దిగితే ఊరు ఒక చూపు చూస్తుంది. ఇక మన దగ్గర సైకిల్ అంటే ముందు గుర్తొచ్చేది ఎన్నికల గుర్తు, ఆ తర్వాతే రెండు చక్రాలు.

ఈ చూపుకూ రోడ్డు మీద మా ప్రాణానికీ సంబంధముంది. అయితే "జనానికి బుద్ధి లేదు" అని ఒక్క మాటతో తేల్చేస్తే సగం విషయం దాటిపోతుంది. చట్టం ఏం రాసుకుంది, పోలీసు దేన్ని పట్టుకోగలడు, ఇంజినీరు రోడ్డు ఎవరికోసం వేశాడు అన్నవి దీంట్లో ముడిపడి ఉన్నాయి.

మొదట చట్టం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం రెండో సెక్షన్లో "వాహనం" అంటే ఏమిటో చెప్పారు. యాంత్రిక శక్తితో నడిచేదే వాహనం. అంటే ఆ చట్టం లెక్కలో సైకిల్ వాహనమే కాదు. అందుకే లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ లేదు, బీమా లేదు. 129వ సెక్షన్ కింద హెల్మెట్ తప్పనిసరి అన్నది మోటార్‌సైకిల్ వాళ్లకే. 250 వాట్లలోపు మోటారుతో గంటకు 25 కిలోమీటర్లు దాటని బ్యాటరీ బండ్లను కూడా ఈ గట్టునే వదిలేశారు. నంబరు ప్లేటు లేకుండా పదో తరగతి పిల్లలు తోలుకుపోతున్న చిన్న స్కూటర్లలో కొన్ని అవే. కొన్ని మాత్రం అవి కావు. 25 అని చెప్పి అమ్మి, 45 పోయేట్టు చేసినవి.

సైకిల్‌కు ఎప్పుడూ ఇంత స్వేచ్ఛ ఉండేదనుకుంటే పొరపాటు. నా చిన్నప్పుడు మునిసిపాలిటీకి పన్ను కట్టి బిళ్ల తెచ్చుకుని సైకిల్‌కు బిగించుకోవాలి. బిళ్ల లేకున్నా, పొద్దు గుంకినాక డైనమో లైటు లేకున్నా, డబుల్స్ తొక్కినా పోలీసు ఆపేవాడు. దుడ్లు లేవంటే వాల్‌ట్యూబు పీకి గాలి తీసేవాడు. దూరంగా ఖాకీ నిక్కరు కనబడగానే క్యారియర్ మీదోడు దూకి ఏమీ ఎరగనట్టు నడిచేవాడు, తొక్కేవాడు దిగి నెట్టుకుంటూ పోయేవాడు. సర్కిల్ దాటాక మళ్లీ ఎక్కేవాళ్లు. రోడ్డు మీద లారీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉన్న కాలంలో చట్టం మమ్మల్ని పట్టుకునేది. ఇప్పుడు తాడిపత్రి నుంచి సిమెంటు లారీలు, బండల లారీలు వరస కట్టి వస్తున్న కాలంలో పట్టించుకోదు.

పట్టించుకోదు అన్న మాట కాగితం వరకు చూస్తే అన్యాయమే. 2017లో కేంద్రం తెచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల్లో నడిచేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు, వికలాంగుల విషయంలో డ్రైవరు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలని ఉంది. పక్కనున్నవాళ్లకు తగినంత ఎడం ఇచ్చి ఓవర్‌టేక్ చేయాలనీ ఉంది. ఆ నిబంధనలు మీరితే 177ఎ సెక్షన్ కింద 500 నుంచి 1,000 రూపాయల జరిమానా. జనానికి ప్రమాదం తెచ్చేట్టు నడిపితే 184 సెక్షన్, అక్కడ 1,000 నుంచి 5,000 రూపాయలు, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ. భారతీయ న్యాయ సంహితలో 281 సెక్షన్ ఉంది, నిర్లక్ష్యంగా నడిపినందుకు. మనిషి చనిపోతే 106, ఐదేళ్ల దాకా జైలు. పాత శిక్షాస్మృతిలో ఇదే నేరానికి రెండేళ్లే ఉండేది.

ఇన్ని సెక్షన్లుండి, సైకిలాయన్ను మరీ ఆనుకుని పోయినందుకు చలానా పడిన కారు యజమానిని మీరెప్పుడైనా చూశారా? నేను చూడలేదు. "తగినంత ఎడం" అంటే ఎన్ని అడుగులో నిబంధన చెప్పదు. చెప్పినా దాన్ని కొలిచే మనిషి సర్కిల్లో లేడు. చలానా ఇప్పుడు ఫొటో పని. హెల్మెట్ లేని తల ఫొటోలో పడుతుంది, నంబరు ప్లేటు పడుతుంది, ముగ్గురెక్కిన బండి పడుతుంది. సైకిల్ హ్యాండిల్‌కూ కారు అద్దానికీ మధ్య నాలుగంగుళాల సందు పడదు. కానిస్టేబుల్‌ను ఇన్ని కేసులు రాయాలని పైనుంచి అడుగుతారు, ఆయన సులువుగా దొరికేదే రాస్తాడు. ఎవరి మీదా కోపంతో అనడం లేదు, పని అట్ల ఉంది. హెల్మెట్ కేసులు రాయొద్దనీ అనను, తలలు పగులుతున్నది బైకుల వాళ్లవే. కాకపోతే ఫొటోకు దొరికే తప్పులన్నీ బండి మీదున్నవాడు తనకు తాను చేసుకునేవి. పక్కవాడికి చేసే తప్పు ఫొటోకు దొరకదు.

నాకు ఈ సంగతి ఎక్కింది కోర్టు రోడ్డులో, మోచేయి ద్వారా.

సాయంత్రం ఆఫీసు వదిలే వేళ. నేను ఎడమ అంచున పోతున్నా. వెనకనుంచి ఒక తెల్ల కారు నన్ను దాటింది. దాటిన మరుక్షణం ఎడమ సందులోకి తిరిగింది. ఇండికేటర్ వేసిందో లేదో, నా ముందు వేస్తే నాకు తెలిసేది, నా పక్కన వేస్తే ఎట్ల తెలుస్తుంది? బ్రేకు పట్టినా ముందు చక్రం కారు వెనక తలుపుకు కొట్టుకుంది. నేను ఎడమ మోచేతి మీద పడ్డాను. అద్దం కిందికి దిగి ముందొచ్చిన మాట: "కనపడదా ఏంప్పా, కారు తిరుగుతాంటే?" ఆ తర్వాత నా చొక్కా, బ్యాగు చూశాడేమో "సారీ సార్" అయింది. ఐదు వందల నోటు చేతిలో పెట్టబోయాడు. అదే చోట కూలికి పోయే మనిషైతే మొదటి మాట దగ్గరే ఆగేది, నోటు వందయ్యేది. సైకిల్ మీది గౌరవం సైకిల్‌ను బట్టి కాదు, చొక్కాను బట్టి వస్తుందని అప్పుడే అర్థమైంది. పొద్దున్నే కల్యాణదుర్గం రోడ్డులో గేర్ల సైకిళ్ల మీద రంగుల హెల్మెట్లతో పోయే కుర్రాళ్లకు హారన్ కొంచెం మెత్తగా మోగుతుంది. పాల క్యాన్లు కట్టుకుని వచ్చే మనిషికి అట్ల మోగదు.

స్టేషన్‌కు పోయాను. ఏ స్టేషనో వద్దులెండి. అక్కడున్నాయన మర్యాదగానే మాట్లాడాడు. "కేసంటే రాస్తాం సార్. కానీ మీరే తిరగల్ల. ఆస్పత్రి కాగితం, కోర్టు, సాక్షులు… మోచేయి గీరుకున్నదానికి అంత అవసరమా చూసుకోండి." చూసుకున్నాను. వచ్చేశాను. సిగ్గుగానే చెబుతున్నా.

మరుసటి రోజు సైకిల్‌ను పాత ఊర్లో నేనెప్పుడూ చేయించే షాపుకు నెట్టుకుపోయాను. భాయ్ ముందు చక్రం పైకెత్తి ఒక్కసారి తిప్పాడు. రిమ్ము అటూ ఇటూ ఊగుతూ బ్రేకు రబ్బరుకు టక్, టక్ అని తగిలింది. "బెండు తీసినా నిలబడదు సార్, మార్చల్ల. ఫోర్కు కూడా రవ్వంత తిరిగింది." గోడవారన పది పన్నెండు వంగిన రిమ్ములు ఒకదాని మీద ఒకటి పడున్నాయి. అన్నీ గుంతల్లో పడినవేనా అని అడిగాను. నవ్వాడు. "గుంతలో పడితే ఒక చోట సొట్ట పడుతుంది సార్. ఇట్ల ఎనిమిది అంకె మాదిరి తిరిగిందంటే దేనికో కొట్టుకున్నట్టు." ఆ కుప్పలో సగం ఎనిమిది అంకెలే. వాటిలో ఎన్ని స్టేషన్ దాకా పోయుంటాయో నా అనుభవమే చెబుతోంది.

ఇది తెలిసినాక జాతీయ లెక్కలు వేరేగా కనబడతాయి. కేంద్ర రవాణా శాఖ ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో ద్విచక్ర వాహనాల వాళ్లు దాదాపు 44 శాతం, నడిచేవాళ్లు దాదాపు 19 శాతం, సైకిళ్ల వాళ్లు దాదాపు 3 శాతం. మూడే కదా అనిపిస్తుంది. కానీ ఇది పోలీసులు రాసిన లెక్క. చావును ఎవరూ దాచలేరు గనక అది ఎక్కుతుంది. విరిగిన మణికట్టు, కుట్లు పడిన మోకాలు, ఎనిమిది తిరిగిన రిమ్ము ఎక్కవు. లెక్కలో తక్కువ కనబడితే సమస్య చిన్నదని తేలుతుంది, సమస్య చిన్నదైతే డబ్బులు పెట్టరు. 2011 జనాభా లెక్కల్లో వ్యవసాయం కాక వేరే పనులకు పోయేవాళ్లలో దాదాపు 13 శాతం సైకిల్ మీద పోతున్నట్టు రాశారు. ఆ 13 శాతం మంది ఎప్పుడూ మీటింగుకు రారు, వినతిపత్రం ఇవ్వరు. పొద్దున ఆరుకే పనికి పోయుంటారు.

నేను చేయని పని మీరు చేయాలంటే దారి ఉంది. మామూలుగా జనం అనుకునేంత కష్టమైన దారి కూడా కాదు. సైకిల్‌కు బీమా లేకున్నా, గుద్దిన బండికి థర్డ్ పార్టీ బీమా ఉండి తీరాలి. ఆ మూడో పార్టీ మనమే. ప్రమాదం జరిగిన 48 గంటల్లో పోలీసులు మొదటి నివేదికను పరిహారం తేల్చే క్లెయిముల ట్రిబ్యునల్‌కు పంపాలని 2022 ఏప్రిల్ నుంచి నియమం. ఎవరి తప్పని తేల్చకుండానే మోటారు వాహనాల చట్టం 164 సెక్షన్ కింద చనిపోతే 5 లక్షలు, తీవ్ర గాయమైతే రెండున్నర లక్షలు వస్తుంది. గుద్దినవాడు దొరక్కుండా పోతే, హిట్ అండ్ రన్ పథకంలో చనిపోయినవాళ్ల ఇంటికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000. ఇంతకు ముందు అది 25,000, 12,500గా ఉండేది. 2025 మే నుంచి మోటారు వాహనం వల్ల గాయపడిన ఎవరికైనా ఏడు రోజుల దాకా లక్షన్నర రూపాయల వైద్యం నగదు లేకుండా జరగాలన్న పథకం కూడా ఉంది. వీటన్నిటికీ మొదటి మెట్టు ఒకటే. పోలీసు రికార్డులో ఎక్కాలి. ఐదు వందల నోటు తీసుకున్న చోట ఈ తలుపులన్నీ మూసుకుంటాయి. మర్నాడు లోపల ఎముక చిట్లిందని ఎక్స్‌రే చెప్పినా, కారు నంబరు ఎవరికి గుర్తుంటుంది?

బీమా కంపెనీ వకీలు చేసే వాదన ఒకటుంది. "సైకిల్‌కు లైటు లేదు, అడ్డంగా వచ్చాడు, కాబట్టి తప్పులో వాటా ఉంది, పరిహారం తగ్గించండి." లైటు లేదన్నంత మాత్రాన కోత పడదు, ఆ లైటు లేకపోవడం వల్లే ప్రమాదం జరిగిందని వాళ్లు చూపాలి. కానీ చూపే వీలు మనమే ఇస్తున్నామా అంటే, ఇస్తున్నాం. రాత్రి ఎనిమిదికి నల్ల చొక్కా వేసుకుని, వెనక రిఫ్లెక్టరు కూడా లేకుండా, చెవిలో పాటలు పెట్టుకుని రాంగ్ సైడ్ వచ్చే కుర్రాణ్ణి చూస్తే నాకే గుండె జారుతుంది. సైకిలోళ్లందరూ సాధువులు కారు. వెనక మినుకుమనే ఎర్ర లైటు ధర రెండు పూటల టిఫిను ఖర్చు.

రాంగ్ సైడ్ సంగతి మాత్రం ఇంకొంచెం నిలబడి చూడాలి. 44వ నంబరు జాతీయ రహదారి మీద రాప్తాడు వైపో గార్లదిన్నె వైపో పొద్దున పోయి చూడండి. పశువుల మేత మోపు కట్టుకుని ఎదురుగా వచ్చే సైకిళ్లు కనబడతాయి. కార్లలోంచి చూస్తే ఒళ్లు మండుతుంది. కానీ ఆయన చేను రోడ్డుకు ఈ పక్క, ఊరు ఆ పక్క. నాలుగు వరసల రోడ్డు పడకముందు నేరుగా దాటేవాడు. ఇప్పుడు మధ్యలో డివైడరుంది, తిరిగే చోటు ఎక్కడో దూరంగా ఉంది. కారుకు ఆ దూరం రెండు నిమిషాలు. మోపుతో తొక్కేవాడికి ఎండలో అరగంట, అదీ గంటకు వంద మీద వచ్చే బండ్ల పక్కన. ఎదురుగా వస్తే కనీసం నన్ను చంపేది ఏదో కనబడుతుంది కదా అంటాడు. ఆ లెక్క తప్పు, ఎదురెదురు గుద్దుకుంటే వేగాలు కలుస్తాయి. అయినా ఆయన్ను ఆ తప్పులోకి నెట్టింది క్రమశిక్షణ లేకపోవడం ఒక్కటే కాదు. సర్వీసు రోడ్డు ఊరి చివర ఆగిపోవడం, అండర్‌పాస్ తప్పు చోట పడడం కూడా దాంట్లో ఉన్నాయి.

"రోడ్డు టాక్సు కట్టేది మేము, రోడ్డు మధ్యలో తొక్కేది మీరు" అనే మాట ఒకటి తరచు వినబడుతుంది. ఊరి లోపలి వీధులు, కాలువలు, లైట్లలో చాలా భాగం నగరపాలక సంస్థ చూసుకునేవి. ఇంటిపన్ను సైకిలాయనా కడతాడు, అద్దెలో కలిపి అయినా సరే. సైకిల్ కొంటే జీఎస్టీ కడతాడు, 2025 సెప్టెంబరు దాకా 12 శాతం, ఇప్పుడు 5. ఆయన చక్రం రోడ్డును అరగదీసిందంటూ ఏ ఇంజినీరూ చెప్పడు. ఈ విషయం మీద ఇంతకన్నా మాట్లాడేదేం లేదు.

మాట్లాడాల్సింది వేగం గురించి. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్లో మునిసిపాలిటీ పరిధిలో కారుకు గరిష్ఠ వేగం గంటకు 70 కిలోమీటర్లు, మోటార్‌సైకిల్‌కు 60. స్థానికంగా తగ్గించుకోవచ్చు. సుభాష్ రోడ్డులో 70 అంటే నవ్వొస్తుంది, అంత ఖాళీ ఎక్కడుంది అని. రాత్రి తొమ్మిది దాటాక, బైపాస్ మలుపుల్లో, బళ్లారి రోడ్డులో ఉంటుంది. 60లో ఉన్న బండి సెకనుకు 16 మీటర్లకు పైగా పోతుంది. డ్రైవరు చూసి కాలు బ్రేకు మీదికి తెచ్చేలోపే అంత దూరం అయిపోయింది, ఆ తర్వాత బ్రేకు పట్టడం మొదలు. 30లో ఉంటే ఆ దూరం సగం, గుద్దే శక్తి నాలుగో వంతు. అందుకే నడిచేవాళ్లూ సైకిళ్లూ బండ్లతో కలిసిపోయే చోట్ల 30 హద్దు పెట్టాలని 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ సదస్సు అడిగింది. మన దగ్గర కనీసం బడుల ముందు వీధుల్లో అది సాధ్యమే. కొన్నేళ్ల కింద "బడికొస్తా" అని ప్రభుత్వ బడుల అమ్మాయిలకు సైకిళ్లు ఇచ్చారు. సైకిల్ ఇచ్చిన ప్రభుత్వం ఆ సైకిల్ పోయే దారి గురించి కూడా ఆలోచించి ఉంటే ఆ పిల్లలు ఇంకొన్నాళ్లు తొక్కేవాళ్లు.

సైకిల్ దారి అనగానే అది డబ్బున్న దేశాల ముచ్చట అంటారు. రోడ్ల కొలతలు, ప్రమాణాలు రాసే మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సైకిల్ ట్రాకులు ఎట్ల వేయాలో 1962లోనే పుస్తకం వేసింది. అందులో ఒక కొలత ఉంది. రద్దీ గంటలో మోటారు బండ్లు 200 దాటే రోడ్డులో, సైకిళ్లు గంటకు 100 ఉన్నా చాలు, విడి ట్రాకు వేయడం సబబు అని. నేను ఒక సాయంత్రం సప్తగిరి సర్కిల్లో టీ గ్లాసు పట్టుకుని బండ్లు లెక్కపెట్టాను. గ్లాసు ఖాళీ కాకముందే 200 దాటాయి. సైకిళ్లు మాత్రం వేళ్లు మడిచి లెక్కపెట్టేన్నే వచ్చాయి. ఇదీ చిక్కు. సైకిళ్లు 100 లేవు గనక ట్రాకు అక్కర్లేదని ఆఫీసులో ఒకాయన అంటాడు. ట్రాకు లేదు గనక భయపడి మా అమ్మాయిని స్కూటీ మీద దింపుతున్నానని పక్కింటాయన అంటాడు. ఆ స్కూటీ సప్తగిరి సర్కిల్లో మరో బండి అవుతుంది.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో ఈ చిక్కును విప్పే కొస ఒకటి పెట్టారు, చాలామంది గమనించలేదు. 138 సెక్షన్లో 1ఎ అని ఒక ఉపసెక్షన్ చేర్చారు. మోటారు లేని బండ్లు, నడిచేవాళ్లు రోడ్లను వాడుకునే తీరు మీద నియమాలు చేసే అధికారం రాష్ట్రాలకు ఇచ్చారు. 210డి కింద జాతీయ రహదారులు కాని రోడ్ల నిర్మాణ ప్రమాణాలు కూడా రాష్ట్రమే పెట్టుకోవచ్చు. కోయంబత్తూరు ఎముకల డాక్టరు ఎస్. రాజశేఖరన్ 2012లో వేసిన వ్యాజ్యంలో, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఈ రెండు రకాల నియమాలనూ ఆరు నెలల్లో చేయమని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. నియమం ఎట్లయినా రాయొచ్చు. "సైకిళ్లు ఫలానా రోడ్డెక్కరాదు" అని రాస్తే అది కూడా నియమమే, వాల్‌ట్యూబు పీకే కాలం మళ్లీ వస్తుంది. "ఫలానా వెడల్పు రోడ్డు వేస్తే ఎడమ అంచున ఇంత వదలాలి, మురుగు కాలువ జాలీ కమ్మీలు చక్రం దిగబడకుండా అడ్డంగా ఉండాలి" అని రాస్తే ఇంకో రకం. జాలీ సంగతి చిన్నదిగా కనబడుతుంది. కమలానగర్లో నిలువు కమ్మీల మధ్య చక్రం ఇరుక్కుని పడినవాళ్లను అడగండి.

పోయిన వారం వెనక లైటు కొనడానికి మళ్లీ భాయ్ షాపుకు పోయాను. గోడవారన రిమ్ముల కుప్ప లేదు. ఏమయిందన్నాను. "పాత సామాన్లాయన వచ్చి తూకమేసుకుని పోయె సార్" అన్నాడు, నా సీటు కింద లైటు బిగిస్తూ.